అట్ట మీద రాసిన రెండు మాటలు

(ఫోటోలు, స్లయిడ్లు, నెగటివ్‌ల సేకరణలు చూసుకునేవారి కోసం ఆన్‌లైన్‌లో జరిగిన సదస్సులో రెండో రోజు తిరుపతి నుంచి చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఇస్తున్నాం. చివర రెండు ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే చాట్‌లో రాయండి. ఇక్కడ తిరుపతిలో పొద్దుటినుంచి కరెంటు వస్తూ పోతూ ఉంది. మధ్యలో నేను ఆగిపోతే రెండు నిమిషాలు ఓపిక పట్టండి, ఫోన్ నుంచి మళ్లీ వచ్చేస్తాను.

నేను ఇక్కడ ఒక కాలేజీ చరిత్ర విభాగంలో ఫోటోలు, స్లయిడ్లు చూసుకుంటాను. ఇరవై రెండేళ్లయింది. రికార్డుల్లో నా ఉద్యోగం పేరు లైబ్రరీ అసిస్టెంట్. నిన్న పరిచయాల్లో విన్నాను, మీలో చాలామందిది ఇదే కథ. ఒకరు మ్యూజియంలో గుమాస్తా, ఒకరు పత్రిక ఆఫీసులో పాత ఫోటోల గది చూస్తారు, ఒకరు నాన్నగారి స్టూడియో మూతపడ్డాక నెగటివ్‌ల డబ్బాలు ఇంట్లో మంచం కింద పెట్టుకున్నారు. ప్రతిచోటా ఈ పని చేసేది ఒక్కరే. పక్క సీట్లో అడగడానికి మనిషి ఉండరు. డబ్బా మూత తీస్తే ఘాటైన వెనిగర్ వాసన ముక్కుకు కొట్టింది, ఇదేమిటి, ఏం చేయాలి అని ఎవరిని అడుగుతాం? నేను మొదటిసారి ఆ వాసన చూసినప్పుడు ఎవరో గదిలో ఏదో ఒలకబోశారని నేల తుడిపించాను. అది అసిటేట్ ఫిల్మ్, అంటే పాత నెగటివ్‌లకు వాడిన ఒక రకం ప్లాస్టిక్ ఫిల్మ్, చెడిపోతున్నప్పుడు వచ్చే వాసన అని, ఒక రోల్ నుంచి పక్కదానికి కూడా అంటుకుంటుందని తెలిసేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఎన్ని పోయాయో.

అమెరికాలో కాలేజీల స్లయిడ్ లైబ్రరీలు నడిపేవాళ్లు 1982లో విజువల్ రిసోర్సెస్ అసోసియేషన్ అని సంఘం పెట్టుకున్నారు. వాళ్లదీ మనలాంటి అవసరమే, తోటి పనివాళ్లతో మాట్లాడుకోవడం. మనకు హైదరాబాదో చెన్నైయో వెళ్లి రావాలంటే టీఏ శాంక్షన్ కావాలి, సెలవు కావాలి, గది తాళం ఎవరికో అప్పజెప్పాలి. ఇట్లా ఆన్‌లైన్‌లో కలవడం వల్ల నా గదిలో నా బీరువాల మధ్య కూర్చునే మీతో మాట్లాడుతున్నాను. ఇది చాలా పెద్ద సంగతి నాకు.

ఈరోజు నేను మాట్లాడాలనుకున్నది స్కానర్ల గురించి కాదు. బొమ్మ పక్కన ఉండే మాట గురించి.

తెర మీద చూడండి. ఇది 35 ఎంఎం స్లయిడు. రెండంగుళాల చదరపు అట్ట చట్రం, మధ్యలో ఫిల్మ్ ముక్క. వెలుతురుకు పట్టుకుని చూస్తే గుడి, చెట్టు, మనుషులు. మా విభాగంలో పాత మాస్టారు ఒకాయన ఉండేవారు. సెలవు రోజుల్లో కెమెరా భుజాన వేసుకుని చంద్రగిరి, కాళహస్తి, గుడిమల్లం, సోంపాళెం అన్నీ తిరిగి తీసినవి ఇవి. తీసి ఊరుకోలేదు. ప్రతి చట్రం అట్ట మీద సన్నటి ఇంకు పెన్నుతో రాసేవారు. పైన ఊరు, కింద ఏ దిక్కు నుంచి తీశారో, పక్కన తేదీ, ఒక మూల చిన్న నంబరు. ఆ నంబరుకు ఒక నోటు పుస్తకం ఉండేది. ఆ పుస్తకం ఆయన రిటైరై వెళ్లేటప్పటికే కనబడలేదు. అయినా అట్ట మీద రాత ఉంది కదా అని మేం ధైర్యంగా ఉన్నాం.

2009లో నాలుగు వేలకు దగ్గరగా ఉన్న ఆ స్లయిడ్లను స్కాన్ చేయించాం. బయటివాళ్లకు ఇచ్చాం. రెండు నెలలకు తెచ్చిచ్చారు. డీవీడీలు నీటుగా ఉన్నాయి, స్లయిడ్లన్నీ తెల్లటి కొత్త ప్లాస్టిక్ చట్రాల్లో మెరుస్తున్నాయి. పాత అట్టలేవి బాబూ అని అడిగాను. "అవి మెషీన్లో ఇరుక్కుంటున్నాయండీ, పాతబడిపోయాయి కదా, తీసేసి కొత్తవి వేసిచ్చాం. ఎక్స్‌ట్రా చార్జి కూడా తీసుకోలేదు" అన్నాడు ఆ అబ్బాయి. మంచి చేశాననే అనుకున్నాడు. అతన్ని అనడానికి లేదు. అట్ట మీది రాత కూడా సేకరణలో భాగమేనని, ముందు దాన్ని ఫోటో తీయాలని నేను కాగితం మీద రాసివ్వలేదు. డీవీడీలో ఫైళ్లకు ఐఎంజి 0001, ఐఎంజి 0002 అని పేర్లు. ఊరు లేదు, తేదీ లేదు, దిక్కు లేదు.

సరిగ్గా మరుసటి ఏడాది, 2010 మే 26 రాత్రి, శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురం. మీలో కాళహస్తి వైపు వాళ్లుంటే ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. పొద్దున్నకు ఇటుకలూ మట్టీ గుట్టగా ఉన్న ఫోటోలు పేపర్లలో వచ్చాయి. ఆ వారమంతా మా విభాగానికి ఫోన్లు. పాత ఫోటోలు ఉన్నాయా, ఏ సంవత్సరంవి, ఏ వైపువి. మా దగ్గర పదకొండు స్లయిడ్లు ఉన్నాయి. అందమైనవి. ఎండ పడిన శిల్పాలు, నీడలో పావురాలు. వీటిలో ఏది ముందు తీసింది, ఏది తర్వాత, మధ్యలో ఎన్నేళ్లు గడిచాయి అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మాస్టారు అప్పటికే చనిపోయారు. గోపురం ఉన్నంతకాలం అది బొమ్మ మాత్రమే, కావాలంటే బస్సెక్కి వెళ్లి చూసొస్తాం. కూలిన మర్నాడు ఆ పదకొండూ సాక్ష్యాలయ్యాయి. సాక్షికి తేదీ చెప్పడం రాకపోతే ఏం లాభం? 2017లో అదే చోట కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. దాన్ని ఇప్పుడు అందరూ ఫోన్లలో తీసుకుంటున్నారు. పాతదాన్ని మళ్లీ ఎవరూ తీయలేరు.

తర్వాత ఆ పదకొండింటితో నేను చేసిన పని చెప్తాను, మీకు ఉపయోగపడొచ్చు. గోపురాన్ని వదిలేసి చుట్టూ ఉన్నవి చూశాను. ఒక ఫ్రేములో అంచున ఒక జీపు ఆగి ఉంది. వంద శాతం కాదు, నాలుగు వందల శాతం పెద్దది చేసి చూస్తే నంబరు ప్లేటు మీద ఏపీ 03. జిల్లాకు ఒక అంకె ఇచ్చే ఆ పద్ధతి 1989లో మొదలైంది, 03 మన చిత్తూరుది. అంటే ఆ ఫోటో 1989కి ముందుది కాదు. (2019లో జిల్లాల అంకెలు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 తెచ్చారు, కాబట్టి ఆ తర్వాతి ఫోటోలకు ఈ కిటుకు పనిచేయదు.) ఇంకో ఫ్రేములో కిరాణా కొట్టు బోర్డు, దాని మీద ఫోన్ నంబరులో ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టాను, కాలం గడిచేకొద్దీ ఆ అంకెలు పెరిగాయి కదా. ఇంకొకదాంట్లో గోడ మీద సగం చిరిగిన సినిమా పోస్టరు. అది ఎప్పుడు విడుదలైందో తెలిస్తే సంవత్సరమే కాదు, నెల దగ్గరికి వస్తాం. ఇట్లా పదకొండింట్లో ఆరింటికి ఒక అంచనా వచ్చింది. అయిదు అట్లాగే ఉన్నాయి. ఆరు ఫోటోలకు నాకు మూడు వారాలు పట్టింది. మాస్టారు అట్ట మీద ఆ మాట రాయడానికి పట్టింది అర నిమిషం.

రెండో సంగతి. తేదీ అంటే ఏ తేదీ?

మా మొదటి ఎక్సెల్ షీటులో తేదీకి ఒకే కాలమ్ పెట్టాం. ముగ్గురు విద్యార్థులు నింపారు. ఒకరు గోపురం కట్టిన 1516 వేశారు. ఇంకొకరు ఫోటో తీసిన ఏడాది వేశారు. మూడో అమ్మాయి స్కాన్ చేసిన 2009 వేసింది, ఎందుకంటే కంప్యూటర్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లో అదే కనపడుతోంది. ముగ్గురూ తప్పు చేయలేదు. ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువుల తేదీలు రాశారు, అంతే. గోపురం ఒక వస్తువు. దాన్ని తీసిన స్లయిడు ఇంకో వస్తువు. ఆ స్లయిడు స్కాను మూడోది. ఇందాక చెప్పిన అమెరికా సంఘంవాళ్లు తయారుచేసిన వీఆర్ఏ కోర్ అనే, బొమ్మల వివరాలు రాసిపెట్టుకునే పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది. అసలు కట్టడమో శిల్పమో ఒక రికార్డు, దాని బొమ్మ ఇంకో రికార్డు, ఆ బొమ్మలు ఉన్న సేకరణ మరొకటి. మూడింటినీ ఒకదానికొకటి ముడివేస్తారు. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ మనకు అక్కర్లేదు. మీ ఎక్సెల్‌లోనే మూడు కాలమ్‌లు పెట్టండి. కట్టింది ఎప్పుడు, తీసింది ఎప్పుడు, స్కాన్ చేసింది ఎప్పుడు. ఇవాళ సాయంత్రమే పెట్టండి. తర్వాత విడదీయడం ఎంత కష్టమో నేను అనుభవించాను, రెండు ఎండాకాలాలు దానికే పోయాయి.

ఇప్పుడు ఇంకో బొమ్మ. ఇది నలుపు తెలుపు, మా ఊళ్లో ఒక స్టూడియోవాళ్లు ఇచ్చింది. వీధిలో ఒక కుర్రాడు, ఒళ్లంతా తెల్లగా ఏదో పూసుకుని, చేతిలో వేపమండలు పట్టుకుని నవ్వుతున్నాడు. తిరుపతివాళ్లకు చూడగానే తెలుస్తుంది, తాతయ్యగుంట గంగమ్మ జాతర. మొక్కుకున్నవాళ్లు రోజుకో వేషం వేస్తారు. చాటింపు అయిన మర్నాడు బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర. బైరాగికి నామం సుద్ద పూసుకుంటారు. బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం. రంగుల్లో చూస్తే చిన్నపిల్లలు కూడా చెప్తారు. నలుపు తెలుపులోకి వచ్చేసరికి సుద్దా తెలుపే, గంధమూ తెలుపే. కుంకుమ నలుపే, బొగ్గూ నలుపే. మేం దీన్ని దొర వేషం అని రాసుకున్నాం. చూస్తే దర్జాగా నిలబడ్డాడు, దొర అనుకున్నాం.

మా కాలేజీ దగ్గర టీకొట్టు నడిపే పెద్దాయన ఒకరున్నారు. చిన్నప్పుడు తానూ వేషాలు వేసినాయనే. ఒకరోజు ప్రింటు తీసుకెళ్లి చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి, కాగితం దగ్గరికి లాక్కుని చూశారు. ఎసట్లో నీళ్లు కాగుతున్నా పట్టించుకోలేదు. "దొర ఏందబ్బా, బైరాగి కదా ఇది. మెడలో రెల్లకాయల దండ కనపడలా?" అన్నారు. వెనక్కి వచ్చి పెద్దది చేసి చూస్తే, నిజమే. మేం పూసల దండ అనుకున్నది రెల్లకాయల దండ. ఒక్క మాటతో ఆ ఫోటో శనివారం నుంచి బుధవారానికి వచ్చింది. అంతటితో ఆగలేదు ఆయన. వెనక ఉన్న మిద్దెను చూపించి అది ఎవరిదో, ఆ మిద్దె ఎప్పుడు పడగొట్టారో చెప్పారు. నేను ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఆ ఏడు నిమిషాల ఆడియో ఇప్పుడు ఆ ఫోటో పక్కనే, అదే నంబరుతో ఉంటుంది.

అందుకే నా ప్రార్థన ఒకటే. పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఫోటోలు వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లను ఆఫీసుకు పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మాట రాదు, టెన్షన్ పడతారు. కాగితం మీద పెద్ద ప్రింటు తీసి, వాళ్ల అరుగు మీద కూర్చుని చూపించండి. ప్రశ్నలు తక్కువ అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే ఇంకా మంచిది, ఒకరు మర్చిపోయింది ఒకరు అందిస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాల ఫోటోలకు కూడా ఇట్లాగే చేశాం. గరుడ వాహనం అంటే అయిదో రోజు రాత్రి, సూర్యప్రభ అంటే ఏడో రోజు ఉదయం. వాహనం గుర్తుపడితే రోజు దొరికినట్టే. కాకపోతే అధికమాసం వచ్చిన ఏడు సాలకట్ల బ్రహ్మోత్సవాలు, నవరాత్రి బ్రహ్మోత్సవాలు రెండూ ఉంటాయి, అక్కడ తొందరపడి రాయకూడదు.

మాటల ఎంపిక గురించి కూడా. వేషం అన్నచోట కాస్ట్యూమ్ అని రాసి వదిలేస్తున్నారు చాలామంది, బయటివాళ్లు వెతికితే దొరకాలని. దొరకాలి, నిజమే. దానికి ఇంకో కాలమ్ పెట్టుకోండి. మొదటి కాలమ్‌లో మాత్రం మాతంగి వేషం అనే ఉండాలి, తెలుగు లిపిలో ఉండాలి. కాస్ట్యూమ్ అంటే బట్టలు. మొక్కు అందులోకి రాదు.

మా ఊరి కొండ మీదే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భండారంలో పెట్టారు. వందల ఏళ్లు అవి ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయి. బయటికి తీసి చదివినప్పుడు మొదటి రేకు మీద ఏముంది? అన్నమాచార్యులకు పదహారో ఏట, శకవర్షం 1346 క్రోధి సంవత్సరంలో స్వామి ప్రత్యక్షమైతే అప్పటినుంచి సంకీర్తనలు చెప్పారని, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా చెప్పారని ఉంది. అంటే 1424 నుంచి 1503. ఎవరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏమిటి. మన భాషలో చెప్పాలంటే మెటాడేటా. ప్రతి కీర్తన మీదా రాగం పేరు కూడా చెక్కారు. ఆ చెక్కినవాళ్లు ఆ ఒక్క వరస విడిచిపెట్టి ఉంటే మనం ఆ కవి కాలాన్ని ఎక్కడెక్కడ వెతుక్కునేవాళ్లమో. రాగం పేరు దక్కింది, అప్పట్లో దాన్ని ఎట్లా పాడారో దక్కలేదు. రాసింది దక్కింది, రాయనిది పోయింది. నేను ఆ మొదటి రేకు ఫోటోను నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను.

వస్తువుల సంరక్షణ మీద రేపు వేరే సెషన్ ఉంది, కాబట్టి రెండే మాటలు. పగలు ఏసీ వేసి, సాయంత్రం ఇంటికి పోతూ ఆపేయడం మానండి. గది చల్లబడి, వేడెక్కి, మళ్లీ చల్లబడితే ఫిల్మ్‌కు తేమ పడుతుంది, బూజు పడుతుంది. రోజంతా ఒకేలా ఉంచలేకపోతే ఏసీ లేకుండా గాలి ఆడే గదే మేలు. రెండోది, కింది సొరుగు ఖాళీగా ఉంచండి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మా గదిలోకి జానెడు నీళ్లు వచ్చాయి. కింది సొరుగులో ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అవి అట్లాగే ఆరితే ఇక విడిపోవు. అందుకని వాటిని ఆరనివ్వకుండా మంచినీళ్ల టబ్బులోకి వేసి, ఒక్కొక్కటి మెల్లగా విడదీసి, పరిచిన తెల్లపంచెల మీద బొమ్మ వైపు పైకి ఉండేట్టు ఆరబెట్టాం. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వలేదు. నలుగురం రెండు రాత్రులు. చాలావరకు దక్కాయి. కానీ వెనక ఇంకు పెన్నుతో రాసినవి ఉన్నాయి చూశారా, ఆ రాత కరిగిపోయింది. పెన్సిల్‌తో రాసింది నిలిచింది. ఫోటో వెనక రాసేటప్పుడు మెత్తటి పెన్సిల్, అంచున, ఒత్తకుండా.

నా సమయం అయిపోతోందని నిర్వాహకులు చెప్తున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రశ్న: స్టూడియో మూసేసినవాళ్లు మాకు పెళ్లి ఫోటోల నెగటివ్‌లు ఇస్తున్నారు. వాటి హక్కు ఎవరిది?)

మంచి ప్రశ్న. నెగటివ్ ఎవరి దగ్గర ఉంటే హక్కు వాళ్లదే అనుకుంటాం, అట్లా కాదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బులిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే ఆ పెళ్లివారు. స్టూడియోవాళ్లు నెగటివ్‌ను ఇవ్వగలరు, హక్కును ఇవ్వలేరు. 2012 సవరణ తర్వాత ఫోటోలకు కాలపరిమితి కూడా మారింది, తీసినవారి జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు. కాబట్టి ఎవరు తీశారో పేరు రాసిపెట్టుకోవడం ఇక్కడ కూడా అవసరమే. పెళ్లి ఫోటోలైతే నేను ఇంకోటి కూడా చూస్తాను. ఆ ఇంటివాళ్లు దొరికితే వాళ్లను అడగకుండా బయట పెట్టను, చట్టం ఏం చెప్పినా సరే. అందులో వాళ్ల అమ్మ ఉంటుంది.

(ప్రశ్న: పాత క్యాప్షన్లలో తప్పులుంటే దిద్దేయవచ్చా? మా దగ్గర తిరుత్తణి ఫోటో వెనక 'చిత్తూరు జిల్లా' అని ఉంది.)

దిద్దకండి. అది తప్పు కాదు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉంది, ఆ తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఆ రెండు పదాలు మీ ఫోటోకు తేదీ చెప్తున్నాయి, 1960కి ముందు రాసి ఉండొచ్చని. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు ఫోటో వెనక చంద్రగిరికి 'ఉత్తర ఆర్కాటు' అని ఉంటుంది. ఇప్పుడు కాళహస్తి, తిరుపతి, చంద్రగిరి అన్నీ 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. మేం కొత్త జిల్లా పేరు పక్క కాలమ్‌లో వేశాం, పాతదాన్ని తాకలేదు. నిజంగా తప్పే ఉన్నా చెరపకండి. మా బైరాగి ఫోటో రికార్డు చదివి వినిపిస్తాను, అట్లా రాసుకోవచ్చు మీరు. "దొర వేషం, విభాగం విద్యార్థులు రాసింది. బైరాగి వేషం, రెల్లకాయల దండను బట్టి, టీకొట్టు పెద్దాయన చెప్పింది, ఆడియో ఉంది. కుర్రాడి పేరు ఇంకా తెలియలేదు." ఆ చివరి వాక్యం కోసం వచ్చే జాతరకు ప్రింటు పట్టుకుని గుడి వీధిలో నిలబడదామనుకుంటున్నాను. బుధవారం నాడు.